లా విద్యార్థులకు రాజ్యాంగ చర్చలెందుకు అనేవారికి

లా కాలేజీలో పదిమంది విద్యార్థులు చేరి ప్రాథమిక హక్కుల మీదో, చట్టబద్ధ పాలన మీదో వారానికో చర్చ పెట్టుకుంటే చుట్టూ వినిపించే మాటలు దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. ముందు సెక్షన్లు నేర్చుకోండి, పిటిషన్ రాయడం నేర్చుకోండి, హక్కుల సంగతి సుప్రీంకోర్టు చూసుకుంటుందని సీనియర్ న్యాయవాదులు అంటారు. ఇదంతా రాజకీయం, రేపు ఎవరో ఫిర్యాదు చేస్తే జవాబు చెప్పుకోవలసింది మేమని యాజమాన్యాలు అంటాయి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు పనికొచ్చేది చదువుకోరా అని ఇంట్లోవాళ్లు అంటారు. మాటలు మూడు రకాలైనా వాటి వెనక నమ్మకం ఒక్కటే. చట్టం కోర్టులో పుట్టి కోర్టులోనే పెరుగుతుందనీ, తరగతి గది దాన్ని కాపీ చేసుకునే చోటు మాత్రమేననీ ఆ నమ్మకం. నీళ్లలో దిగకుండా ఈత రాదు కదా అని దీనికి ఒక సామెత కూడా జోడిస్తారు. సామెతలో తప్పు లేదు. నీళ్లు ఎక్కడున్నాయన్న దగ్గరే వీళ్లు పొరబడుతున్నారు. మన రాజ్యాంగ చరిత్రను కాస్త ఓపికగా తిరగేస్తే, పెద్ద మలుపులు చాలావాటికి సంబంధించిన ప్రశ్న కోర్టు గడప తొక్కకముందే ఏదో ఒక తరగతిలోనో, సభలోనో, పత్రికలోనో నలిగినట్టు కనిపిస్తుంది. కోర్టు చివరి మాట చెప్పి ఉండవచ్చు, మొదటి మాట మాత్రం చాలాసార్లు దానిది కాదు.

ఇందుకు అన్నిటికంటే పెద్ద సాక్ష్యం బనారస్‌లో ఉంది. 1965 ఫిబ్రవరిలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయం న్యాయశాస్త్ర విభాగంలో డీటర్ కాన్రాడ్ అనే జర్మన్ ఆచార్యుడు ఒక ప్రసంగం చేశాడు. రాజ్యాంగాన్ని సవరించే అధికారానికి, పైకి రాసి లేకపోయినా, లోపల హద్దులు ఉంటాయా అన్నది విషయం. అప్పటికి సుప్రీంకోర్టు దృష్టిలో అది ముగిసిపోయిన ప్రశ్న. 1951లో శంకరీ ప్రసాద్ కేసులోనూ, 1964లో సజ్జన్ సింగ్ కేసులోనూ పార్లమెంటు ప్రాథమిక హక్కులతో సహా దేన్నయినా సవరించవచ్చని తేల్చేసింది. కాన్రాడ్ ఆ తీర్పులను వల్లించి ఊరుకోలేదు. మూడింట రెండొంతుల మెజారిటీ ఉందని 21వ అధికరణాన్ని ఎత్తేసి, ఏ చట్టమూ అక్కర్లేకుండానే మనిషి ప్రాణం తీయవచ్చా అని అడిగాడు. తమ బలం తగ్గిపోతోందని గ్రహించిన పాలక పక్షం, సవరించే అధికారాన్నంతా ప్రధాని సలహాపై నడిచే రాష్ట్రపతి చేతిలో పెట్టవచ్చా అని అడిగాడు. రాజ్యాంగాన్నే రద్దు చేసి మొగల్ చక్రవర్తినో బ్రిటిష్ రాచరికాన్నో మళ్లీ తెచ్చుకోవచ్చా అని కూడా అడిగాడు. ఇలాంటి ప్రశ్నలకు మన సీనియర్లు ఏమంటారో తెలిసిందే: ‘‘గాలి కబుర్లు. జరిగేవి మాట్లాడండి.’’

జరిగింది చూద్దాం. ఆ ప్రసంగ పాఠం న్యాయవాది ఎం.కె. నంబియార్ చేతికి చేరింది. గోలక్‌నాథ్ కేసులో ఆయన దాన్ని పదకొండు మంది న్యాయమూర్తుల ముందు వాదనగా మలిచాడు. 1967 ఫిబ్రవరి 27న తీర్పు చెప్పిన ప్రధాన న్యాయమూర్తి మన రాజమండ్రి వాడు కోకా సుబ్బారావు. ఆ వాదనలో బలం ఉందని ఆయన ఒప్పుకున్నాడు గానీ, ఆ కేసుకు దాని అవసరం లేదని పక్కన పెట్టి వేరే దారిలో ఆరుగురి మెజారిటీతో పార్లమెంటుకు అడ్డుకట్ట వేశాడు. ఆరేళ్ల తర్వాత, 1973 ఏప్రిల్ 24న, కేశవానంద భారతి కేసులో పదమూడు మందిలో ఏడుగురు, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని ఏ సవరణా చెరపకూడదన్న సిద్ధాంతాన్ని నిలబెట్టారు. మరో రెండేళ్లు తిరిగేసరికి ఎమర్జెన్సీ వచ్చింది. ప్రధానమంత్రి ఎన్నికను కోర్టులు తాకకుండా 39వ సవరణ వచ్చింది. బనారస్‌లో అతిశయోక్తిగా వినిపించిన ప్రశ్న పదేళ్లలో గెజిట్‌కెక్కింది. 1975 నవంబర్‌లో ఆ సవరణలోని కీలక భాగాన్ని సుప్రీంకోర్టు కొట్టేయగలిగిందంటే, అప్పటికే చేతిలో సిద్ధంగా ఉన్న మౌలిక స్వరూప సిద్ధాంతమే ఆధారం. అవసరం ముంచుకొచ్చాక సిద్ధాంతం వెతుక్కునే వ్యవధి ఏ ధర్మాసనానికీ ఉండదు.

ప్రసంగించింది ఆచార్యుడు, విద్యార్థులు కాదు కదా అని అడ్డు రావచ్చు. నిజమే. నేనంటున్నది వయసు గురించి కాదు, ప్రశ్న పుట్టే చోటు గురించి. న్యాయవాది నోరు విప్పేది క్లయింటు కోసం. క్లయింటుకు నష్టం చేసే సత్యాన్ని అతను పలకలేడు, పలకకూడదు కూడా. న్యాయమూర్తి తన ముందున్న వివాదాన్ని దాటి పోలేడు, పోతే అవి పరిధి మీరిన వ్యాఖ్యలంటారు. ప్రభుత్వ ప్లీడరు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫీజు, వాయిదా, అప్పీలు ఏవీ లేకుండా ‘ఇలా జరిగితే?’ అని చివరిదాకా అడగగలిగే చోటు మొత్తం న్యాయవ్యవస్థలో ఒక్కటే మిగిలింది. అది విద్యార్థులు, వాళ్ల గురువులు కూర్చునే గది. దాన్ని కాలక్షేపమని కొట్టేస్తే ఆ ప్రశ్న అడిగే పని ఇంకెవరికీ ఉండదు.

భిన్నాభిప్రాయ తీర్పుల సంగతి ఈ మాటను ఇంకా గట్టిపరుస్తుంది. 1962లో ఖరక్ సింగ్ కేసు వచ్చింది. రౌడీషీట్ లాంటి నిఘా జాబితాలో ఉన్న ఒక మనిషి ఇంటికి పోలీసులు అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టడం చట్టసమ్మతమా అన్నది వివాదం. రాత్రి తనిఖీలు కుదరవని కోర్టు అంది గానీ, గోప్యత హక్కన్నది రాజ్యాంగంలో లేదని మెజారిటీ తేల్చింది. సుబ్బారావు ఒప్పుకోలేదు. జె.సి. షా ఆయనతో కలిశాడు. వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత విడదీయరాని భాగమనీ, నీడలా వెంటాడే నిఘా కింద మనిషికి స్వేచ్ఛ ఉన్నట్టు కాదనీ ఆయన రాశాడు. మైనారిటీ తీర్పుకు చట్టబలం లేదు. దాని ఆధారంగా ఎవరినీ విడిపించలేం, ఏ ఉత్తర్వునూ కొట్టించలేం. ప్రాక్టీసే పరమార్థమైతే దాన్ని చదవడమే దండగ. అయినా 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు, సుబ్బారావు మాటే సరైనదని ఒప్పుకున్నారు. మధ్యలో గడిచింది యాభై అయిదేళ్లు. అన్నేళ్లూ ఆ మాటను బతికించినవాటిలో తరగతి చర్చలు, న్యాయ పత్రికల వ్యాసాలు ముందుంటాయి. 1976లో ఏడీఎం జబల్‌పూర్ కేసులో హెచ్.ఆర్. ఖన్నా రాసిన ఒంటరి తీర్పుదీ ఇదే కథ. ఎమర్జెన్సీలో పోలీసు సొంత కక్షతో మనిషిని కాల్చి చంపినా అడిగే దారి లేదా అని ఆయన వేసిన ప్రశ్నకు, లేదని అటార్నీ జనరల్ నిండు కోర్టులో ఒప్పుకున్నాడు. నలుగురు న్యాయమూర్తులు ప్రభుత్వం వైపు నిలిచారు. ఖన్నాకు రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవి పోయింది. ఆ నలుగురి తీర్పు కూడా అదే పుట్టస్వామి కేసులో రద్దయింది. అప్పటిదాకా పుస్తకాల ప్రకారం చట్టం వాళ్లదే, విద్యార్థుల మనసులో మాత్రం ఖన్నాది.

ఇక అనుభవం లేని పిల్లలకు రాజ్యాంగమేం తెలుస్తుందన్న మాట. ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను చూడండి. 2012లో బాల్ ఠాక్రే మరణం తర్వాత బంద్‌ను ప్రశ్నిస్తూ ఫేస్‌బుక్‌లో రాసినందుకు ఒకమ్మాయినీ, దాన్ని లైక్ చేసినందుకు మరో అమ్మాయినీ పాల్ఘర్‌లో అరెస్టు చేశారు. దేశంలో ఇంతమంది హేమాహేమీలైన న్యాయవాదులుండగా ఆ సెక్షన్ మీద సుప్రీంకోర్టుకెక్కిన మొదటి పేరు శ్రేయా సింఘాల్ అనే ఇరవయ్యొక్కేళ్ల యువతిది. 2015 మార్చి 24న ఆ సెక్షన్‌ను కోర్టు కొట్టేసేనాటికి ఆమె ఇంకా లా చదువుతోంది. కేసు వాదించింది పెద్ద న్యాయవాదులే, కాదనను. కానీ అడగాలన్న తెగువ అనుభవజ్ఞులకు ముందు కలగలేదు. అనుభవం కొన్నిసార్లు దారి చూపిస్తుంది, కొన్నిసార్లు ఇది మామూలేలే అని సర్దుకుపోవడం నేర్పుతుంది. ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం విద్యార్థులు చేసిన పని ఇంకొకటి. వాళ్లు దేశంలోని జైళ్లకు వెళ్లి మరణశిక్ష పడినవాళ్లతో, వాళ్ల కుటుంబాలతో మాట్లాడారు. 373 మంది ఖైదీలతో జరిపిన ఆ సంభాషణల నుంచి 2016లో ఒక నివేదిక వెలువడింది. వాళ్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది ఆర్థికంగా చితికిన కుటుంబాలవాళ్లేనని తేలింది. ఉరిశిక్ష గురించి ‘అత్యంత అరుదైన కేసుల్లో’ అన్న సూత్రం వల్లించే దేశంలో, ఆ అరుదైనవాళ్లు ఎవరని ఇంత వివరంగా లెక్క తీసింది పరీక్షలు రాసుకోవలసిన పిల్లలు.

66ఎ కథ తీర్పుతో ముగియలేదు, అసలు చెప్పుకోవలసింది ఆ తర్వాతే. కొట్టేసిన సెక్షన్ కింద దేశవ్యాప్తంగా పోలీసులు కేసులు పెడుతూనే ఉన్నారు. 2021 జూలైలో ఈ సంగతి విని సుప్రీంకోర్టే విస్తుపోయింది. 2022 అక్టోబర్‌లో, ఈ సెక్షన్ కింద ఎవరినీ ప్రాసిక్యూట్ చేయవద్దని మళ్లీ ఉత్తర్వులివ్వవలసి వచ్చింది. చచ్చిన సెక్షన్‌ను ఏడేళ్ల తర్వాత రెండోసారి పాతిపెట్టారన్నమాట! హక్కుల సంగతి సుప్రీంకోర్టు చూసుకుంటుందనే పెద్దలు దీనికేమంటారు? తీర్పు ఢిల్లీలో వెలువడుతుంది, ఎఫ్ఐఆర్ మండల కేంద్రంలో రాస్తారు. ఆ దూరాన్ని ఏ గెజిటూ తనంతట తాను దాటదు. స్టేషన్‌కు వెళ్లే జూనియర్‌కు, రిమాండ్ రిపోర్టు చదివే మేజిస్ట్రేటుకు ఆ తీర్పు నోట్లో నానుతూ ఉంటే తప్ప అది చట్టం కాదు, కాగితం. అలా నానేది చర్చల్లోనే.

అలాంటి చర్చ ఒకటి దగ్గర నుంచి చూస్తే అది గాలిలో సాగేది కాదని తెలుస్తుంది. అరెస్టు మెమో నమూనా ఒకటి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారనుకుందాం. 1996 నాటి డి.కె. బసు తీర్పు ప్రకారం అందులో అరెస్టు చేసిన తేదీ, సమయం ఉండాలి, కుటుంబ సభ్యుడో ఊళ్లో పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి, అరెస్టయినవాడూ సంతకం పెట్టాలి. ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని 22వ అధికరణం అంటుంది. ఒక విద్యార్థి అడుగుతాడు: ఆ గంటలు మెమోలో రాసిన సమయం నుంచి లెక్కించాలా, కానిస్టేబుల్ వచ్చి జీపు ఎక్కించిన సమయం నుంచా? ఆ రెండింటికీ మధ్య ఒక రాత్రో రెండు రాత్రులో తేడా ఉంటుందన్న ఫిర్యాదు క్రిమినల్ కోర్టుల్లో కొత్తది కాదు. మరి నిరూపించేదెలా? స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలని 2020లో పరంవీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది కదా, ఆ ఫుటేజీ భద్రపరచమని మొదటి వాయిదాలోనే అడగవచ్చని ఇంకొకరంటారు. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరమైతే అరెస్టు ఎందుకు అవసరమైందో పోలీసులు రాసివ్వాలనీ, మేజిస్ట్రేటు కళ్లు మూసుకుని రిమాండ్ చేయకూడదనీ 2014లో అర్నేశ్ కుమార్ తీర్పు చెప్పింది. అరెస్టుకు బదులుగా ఇచ్చే, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 41ఎ నోటీసు ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 35వ సెక్షన్‌లోకి వచ్చిందని మరొకరు గుర్తుచేస్తారు. అరెస్టుకు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వలేదన్న ఒక్క లోపం మీద 2023లో పంకజ్ బన్సల్ కేసులో అరెస్టే చెల్లదన్నారని ఇంకొకరు అందుకుంటారు. గంట తిరిగేసరికి అక్కడ ఒక బెయిల్ పిటిషన్ సగం తయారైపోతుంది. సీనియర్ ఆఫీసులో కూర్చున్న జూనియర్ బెయిల్ ఎలా వేయాలో నేర్చుకుంటాడు, అది అవసరమే. అసలు ఈ మనిషి లోపల ఎందుకున్నాడన్న ప్రశ్న మాత్రం పని ఒత్తిడిలో వెనకబడుతుంది. చర్చ ఆ ప్రశ్నను ముందు పెడుతుంది. డ్రాఫ్టింగ్‌కూ హక్కులకూ పోటీ పెట్టేవాళ్లు రెంటినీ సరిగా చూడలేదు.

రాజకీయం అన్న అభ్యంతరం వీటన్నిటికంటే బరువైనది, దాన్ని తేలిగ్గా తీసేయను. చర్చావేదిక పేరుతో మొదలై ఏదో ఒక జెండా నీడకు చేరిన సంఘాలు ఉంటాయి. అమెరికాలో ఇది ఎంతదాకా పోయిందో చూశాం. 1982లో యేల్, షికాగో లాంటి విశ్వవిద్యాలయాల్లో కొద్దిమంది సంప్రదాయవాద లా విద్యార్థులు, తమ మాట తరగతిలో వినిపించడం లేదన్న బాధతో ఫెడరలిస్ట్ సొసైటీ పెట్టుకున్నారు. ఇవాళ అక్కడి సుప్రీంకోర్టులో మెజారిటీ న్యాయమూర్తులకు దానితో ఏదో ఒక రకంగా అనుబంధం ఉంది. న్యాయమూర్తుల ఎంపికకు అదొక నిచ్చెనగా మారిందన్న విమర్శ న్యాయమైనదే. కానీ ఈ ఉదాహరణ విమర్శకుల రెండు వాదాలనూ ఒకదానితో ఒకటి ఢీకొట్టిస్తుంది. విద్యార్థుల చర్చ పనికిమాలినదైతే దానికి భయపడనక్కర్లేదు, భయపడవలసినంత బలం దానికి ఉంటే పనికిమాలినది అనకూడదు. ఆ సంఘం మొదటి నుంచీ చేసిన ఒక పనిని దాని ప్రత్యర్థులు కూడా మెచ్చుకున్నారు. తమను వ్యతిరేకించే ఆచార్యులను వేదిక మీదికి పిలిచి వాదనకు దిగడం. అధికారం దగ్గరయ్యాక ఆ అలవాటు ఎంత మిగిలిందన్నది వేరే చర్చ. ఒకే పక్షం మాట్లాడుకునే వేదికకు మందు, ఎదుటి పక్షాన్ని తెచ్చి కూర్చోబెట్టడం. వేదికకు తాళం వేయడం కాదు. మూట్ కోర్టులో, అంటే నమూనా విచారణలో, ఏ పక్షాన వాదించాలో విద్యార్థి ఎంచుకోలేడు. నమ్మని వైపు వాదించడం అక్కడ కర్తవ్యం. ఆ క్రమశిక్షణ తెలిసినవాళ్లు లా విద్యార్థులే. మిగతావాళ్లు రాజ్యాంగం గురించి గొంతు చించుకునేది టీవీ తెర మీద.

హక్కులేనా, బాధ్యతలు అక్కర్లేదా అనేవాళ్లకు చెప్పవలసింది కొంచెమే. ప్రాథమిక విధులు రాజ్యాంగంలోకి వచ్చింది 1976లో, 42వ సవరణతో. అంటే ఎమర్జెన్సీలో, ప్రాథమిక హక్కులకు తలుపులు మూసిన కాలంలో. ఆ విధులను కాదనడం లేదు, వాటి పుట్టిన తేదీ గుర్తుంచుకుంటే చాలు. 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడకుండా గౌరవంగా లేచి నిలబడ్డారు. వాళ్లను బడి నుంచి తీసేయడం తప్పని తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి, విధినీ స్వేచ్ఛనూ ఒకే చోట ఇమిడ్చి చూపించారు. చదివితే ఆ సందేహం తీరుతుంది.

చట్టబద్ధ పాలన గురించి మాట్లాడుకోవడం ఎందుకన్న ప్రశ్నకు తెలుగునాట అన్నిటికంటే కటువైన జవాబు చటాన్‌పల్లిలో దొరికింది. 2019 నవంబర్ చివర హైదరాబాద్ శివార్లలో ఒక యువ పశువైద్యురాలి మీద జరిగిన ఘోరానికి రాష్ట్రమంతా కుతకుతలాడింది. డిసెంబర్ 6 తెల్లవారుజామున నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. చట్టసభల్లోనివాళ్లు, సినిమావాళ్లు చప్పట్లు కొట్టారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తన నివేదికలో ఏం చెప్పింది? పోలీసుల కథనం నమ్మదగినది కాదంది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారంది. పది మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు ఘటన నాటికి మైనర్లని కూడా తేల్చింది. ఆ రోజు పూలు చల్లినవాళ్లను దుర్మార్గులనడం నా ఉద్దేశం కాదు. వాళ్లది కడుపుమంట, కోర్టుల జాప్యం మీద పేరుకుపోయిన కసి. కానీ నేరం రుజువు కాకముందే, తన గోడు చెప్పుకోకముందే మనిషిని చంపడం రాజ్యం చేయకూడని పని అని అలాంటి పూట నోరు తెరిచి చెప్పడానికి అలవాటుండాలి. ఆ అలవాటు ఒక్క పూటలో రాదు. రాజ్యాంగ నైతికత మనకు పుట్టుకతో వచ్చేది కాదనీ, పెంచి పోషించుకోవలసిందనీ అంబేడ్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో హెచ్చరించింది ఇందుకే. చటాన్‌పల్లికి ముందు కూడా మన దగ్గర ఈ ప్రశ్నను మోసినవాళ్లు పౌరహక్కుల సభల్లో తయారైనవాళ్లే. గణితం బోధిస్తూ హక్కుల ఉద్యమంలోకి వచ్చి, తర్వాత లా చదివిన కె. బాలగోపాల్ వాళ్లలో ఒకరు. ఎన్‌కౌంటర్ మరణం జరిగితే ఎఫ్ఐఆర్ నమోదు చేసి దర్యాప్తు చేయాలని 2009 ఫిబ్రవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పిందంటే, దాని వెనక చిన్న చిన్న హాళ్లలో దశాబ్దాలు సాగిన వాదోపవాదాలు ఉన్నాయి. ఆ తీర్పు అమలును సుప్రీంకోర్టు వెంటనే నిలిపేసింది. 2014లో ఎన్‌కౌంటర్ల దర్యాప్తుకు పదహారు మార్గదర్శకాలు ఇచ్చింది. చటాన్‌పల్లి ఆ మార్గదర్శకాల తర్వాతి సంగతి.

విమర్శకులు గురి చూడవలసిన చోటు ఒకటుంది, వాళ్లు అక్కడ చూడరు. నవంబర్ 26న బ్యానర్ కట్టి, ప్రవేశిక చదివి, ఫొటో దిగి వెళ్లిపోయే కార్యక్రమాన్ని రాజ్యాంగ చర్చ అనడం ఆ మాటకు అవమానం. బహుమతి కప్పుల కోసం తిరిగే మూట్ బృందాలు చాలావరకు పెద్ద విశ్వవిద్యాలయాలకు, ఇంగ్లీషు ధారాళంగా వచ్చినవాళ్లకు పరిమితం. జిల్లా కేంద్రంలోని లా కాలేజీలో హాజరు పట్టీ తప్ప మనుషులు కనపడరు. అక్కడ చదివినవాళ్లే రేపు జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో, జిల్లా కోర్టులో, తెలుగులో సాక్ష్యం చెప్పే రైతు పక్కన, తెలుగులో ఏడ్చే తల్లి పక్కన నిలబడతారు. చర్చలు తగ్గించమనడం కాదు, వీళ్ల దాకా, తెలుగులో తీసుకురమ్మనడం సరైన విమర్శ అవుతుంది. దానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. లా కాలేజీలు న్యాయసేవా క్లినిక్‌లు నడపడానికి జాతీయ న్యాయసేవల సంస్థ 2011లోనే నిబంధనలు చేసింది. సిర్పూర్కర్ కమిషన్ నివేదిక బహిరంగ పత్రం, వ్యవహారం తెలంగాణ హైకోర్టుకు వెళ్లింది. ఏ కాలేజీలోనైనా మొదటి చర్చకు దాన్ని తీసుకోవచ్చు. అయితే ఆ గదిలో కమిషన్‌ను సమర్థించేవాళ్లు పదిమంది సులువుగా దొరుకుతారు. నివేదిక తప్పుపట్టిన పది మంది పోలీసుల తరఫున, ఆత్మరక్షణ హక్కు మీద, మనసు పెట్టి వాదించేవాడిని ఒకణ్ని ముందు వెతకాలి. వాడు దొరికేదాకా తేదీ ఖరారు చేయకూడదు.